మంగళవారం బజ్జీ, శుక్రవారం టెంపురా

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. ఇంట్లో నేనూ నా కూతురూ మాత్రమే ఉన్నప్పుడు నాకేదన్నా అయి పడిపోతే ఎవరికీ తెలియదు. బాత్రూంలో కాలు జారొచ్చు, కళ్ళు తిరగొచ్చు, ఏదైనా కావచ్చు. మా ఆయన హేమచంద్ర ట్రక్కు నడుపుతారు. విన్నిపెగ్ నుంచి కాల్గరీ, అక్కణ్ణుంచి ఇంకో చోటు. సోమవారం వెళ్తే శనివారం వస్తారు. అన్నాళ్ళూ తాళం వేసిన తలుపు లోపల రెండున్నరేళ్ళ పిల్ల, నేల మీద నేను. పిల్లకి ఫ్రిజ్ తలుపు తీయడం కూడా రాదు. ఆ దృశ్యం రోజుకి ఎన్నిసార్లు నా కళ్ళముందు తిరిగేదో చెబితే నవ్వుతారు.

మా ఆయనా నవ్వేవారు.

"ఫలానా రోజు పడిపోతానని తారీఖు పెట్టుకున్నావా ఏంటి దేవీ?"

"నవ్వకండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేయండి. నేను ఎత్తకపోతే పోలీసులకి చెప్పండి."

"దార్లో రెండేసి గంటలు సిగ్నల్ ఉండదే. నేను చేయలేకపోతే నువ్వేం చేస్తావ్?"

"ఏడుస్తా."

"సరే, అనన్యని కూడా పక్కన కూర్చోబెట్టుకో. ఇద్దరూ కలిసి ఏడవండి, తోడుంటుంది."

నవ్వులాటే గానీ పాపం మూడుసార్లూ చేసేవారు. అయినా నా భయం తగ్గలేదు. ఫోను పెట్టేసిన మరుక్షణం నుంచి మళ్ళీ ఎనిమిది గంటలు కదా.

నేను పెద్దగా చదువుకోలేదు. మాది తుని. ఇంటర్ మొదటి సంవత్సరం సగంలో అమ్మ చెయ్యి విరిగింది. అమ్మకి రైల్వే గేటు దగ్గర బజ్జీల బండి ఉండేది. చెయ్యి అతుక్కునేదాకా రెండు నెలలు నేను నిలబడ్డాను. చెయ్యి అతుక్కుంది గానీ నేను మళ్ళీ కాలేజీ మొహం చూడలేదు. అంచేత నా ఇంగ్లీషు ఎలా ఉంటుందో మీరు ఊహించుకోవచ్చు. ఎదురింటి తలుపు తట్టి "అమ్మా, నేనున్నానో లేదో కాస్త చూస్తూ ఉండండి" అని అడగడానికి తెలుగులో అయితే ఒక్క నిమిషం పని. ఇంగ్లీషులో ఆ వాక్యం కట్టడానికి నాకు ఏడాది పట్టింది. కట్టిన తర్వాత కూడా అడగలేకపోయాను.

ఎదురింట్లో, 407లో, ఉండేది మారియన్ ఒకాబే గారు. ఎనభై ఒక్కేళ్ళు. ఒక్కరే ఉంటారు. పెళ్ళి చేసుకోలేదు. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపారు. గొంతు విప్పితే నాలుగో అంతస్తు మొత్తం సీటు బెల్టు పెట్టుకుంటుంది. చూడ్డానికి జపాన్ మనిషి. నేను మొదట్లో జపాన్ నుంచి వచ్చారనుకున్నాను. ఆవిడ పుట్టింది విన్నిపెగ్‌కి దక్షిణాన ఒక బీట్‌రూట్ పొలంలో. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇక్కడి ప్రభుత్వం జపాన్ వాళ్ళని సముద్రం పక్కన ఉండనివ్వకుండా లోపలి ప్రాంతాలకి పంపేసిందట. ఆవిడ అమ్మానాన్నా అలా వచ్చి పంచదార బీట్‌రూట్లు పీకారట.

"జపాన్ ఒక్కసారే వెళ్ళా. పది రోజులు. పది రోజులూ జలుబు" అంటారు ఆవిడ. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే. నాకు అర్థమైన మేరకి ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆవిడకీ నాకూ పరిచయం పొగవల్ల.

పోయిన సెప్టెంబరులో ఒక మంగళవారం వాన పడుతోంది. నాకు మిరపకాయ బజ్జీ మీదకి మనసు పోయింది. బండి దగ్గర అలవాటు కదా, నూనె పొగలొచ్చేదాకా కాస్తాను. మొదటి వాయి వేశానో లేదో పైనున్న అలారం కీచుమంది. అనన్య రెండు చెవులూ మూసుకుని నాకంటే గట్టిగా అరుస్తోంది. పొగ బయటికి పంపాలని వీధి తలుపు తీయబోయాను. తలుపు తీసేసరికి ఎదురుగా ఒకాబే గారు, చేతిలో తువ్వాలు.

"తలుపు వెయ్యి!" అన్నారు. వేసేశాను. ఆవిడ లోపలే ఉన్నారు. "కారిడార్లోకి పొగ వెళ్ళిందంటే బిల్డింగు మొత్తానికి మోగుతుంది. ఆరు అంతస్తుల వాళ్ళు వానలో నిలబడి నిన్ను తిట్టుకుంటారు. కిటికీ! కిటికీ తియ్యి!"

తీశాను. ఆవిడ తువ్వాలుతో అలారానికి విసురుతూ, మధ్యలో ఆగి, బాణలిలోకి చూసి, "ఏంటవి?" అన్నారు.

"బజ్జీ. చిల్లీ. పిండి... కవర్" అని చేత్తో చూపించాను.

"ఓ, టెంపురా" అన్నారు.

ఇంటికొచ్చిన మనిషిని ఉత్తి చేతులతో ఎలా పంపుతాం? నాలుగు బజ్జీలు ఒక స్టీలు పళ్ళెంలో పెట్టిచ్చాను. ఆ పళ్ళెం అమ్మ ఇచ్చింది, అంచు మీద అమ్మ పేరు లక్ష్మీకాంతం అని చుక్కలతో చెక్కించి ఉంటుంది. ఆ రోజంతా అనుకుంటూనే ఉన్నాను, పళ్ళెం వస్తుందా రాదా అని.

శుక్రవారం నాలుగింటికి తలుపు తట్టారు. పళ్ళెం నిండా చిలగడదుంప చక్రాలు, బీన్స్, రెండు రొయ్యలు. అన్నిటికీ తెల్లటి పలచటి పొర, నోట్లో వేసుకుంటే గాజులు చిట్లినట్టు కరకరమంది. అనన్య అప్పటిదాకా నా చేతి బజ్జీ ఒక్కటీ ముట్టలేదు. చిలగడదుంపలు నాలుగు తింది.

"గిన్నె ఖాళీగా తిరిగిస్తే మా అమ్మ దెయ్యమై వచ్చి తంతుంది" అన్నారు ఒకాబే గారు.

మా ఇంట్లోనూ అంతే కదా! పక్కింటి గిన్నె ఖాళీగా పంపితే అమ్మ ఊరుకునేది కాదు, ఏమీ లేకపోతే ఇంత పంచదారైనా పోసేది. ఆ ముక్క ఎలాగో చెప్పాను. ఆవిడ తలూపారు. చెప్పాకే నాకు తట్టింది. ఇప్పుడు పళ్ళెం నా దగ్గర ఉంది, అది నా పళ్ళెమే. కానీ టెంపురా ఆవిడది. ఆవిడకి బదులు పంపకుండా ఎలా?

మంగళవారం మళ్ళీ బజ్జీలు. శుక్రవారం మళ్ళీ టెంపురా. అరటికాయ వెళ్తే వంకాయ వచ్చింది. ఉల్లిపకోడీ వెళ్తే, ఉల్లిపాయా కేరట్టూ సన్నగా తరిగి కలిపి వేయించినది వచ్చింది. అదీ టెంపురాలో ఒక రకమేనట. నాలుగు గంటలకి నాలుగు కొట్టినట్టు వచ్చేది, ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు. స్కూలు బస్సు అలవాటు మరి. అది చూసి నేనూ మంగళవారం నాలుగింటికే పట్టుకెళ్ళేదాన్ని.

మూడో అంతస్తులో మీనాక్షక్క ఉంటుంది. వాళ్ళది నిజామాబాద్. ఆవిడకి నా అవస్థ చూసి నవ్వు ఆగేది కాదు.

"ఇగ ఆపెయ్‌రాదే. ఒక్కసారి ఉత్త చేతులతోని పోయి థాంక్యూ అను. అయిపాయె."

"ఉత్తి చేతులతోనా! ఎలా వెళ్తానక్కా?"

"అయితే రెండు చాక్లెట్లు పెట్టియ్."

"ఆవిడ రొయ్యలు పెట్టిస్తే నేను చాక్లెట్లు పెట్టనా? పరువుండద్దూ!"

"ముసలామెకు ఎనభై ఏండ్లు, నీకు ఇరవై నాలుగు. మీరిద్దరు గిట్లనే నూనెల ఏంచుకుంట కూసోండ్రి. నడుమల నాకు మాత్రం మంచిగున్నది, రెండు దిక్కులవీ తింటున్న."

అది నిజమే. రొయ్యల టెంపురాలో సగం మీనాక్షక్కకే పోయేది. నాకు రొయ్యలు పడవు, ఒళ్ళంతా దద్దుర్లు. ఒకాబే గారికి చెబితే బాధపడతారని చెప్పలేదు.

అక్టోబరులో ఒకరోజు ఆవిడే పిలిచారు. "రా, నేర్పిస్తాను. నీ బజ్జీ పొర మరీ దుప్పటిలా ఉంది." నాకు లోపల చురుక్కుమంది. రైల్వే గేటు దగ్గర మా బజ్జీల కోసం రైలు దిగి కొనుక్కుని మళ్ళీ పరిగెత్తి ఎక్కేవాళ్ళు. దుప్పటట! అయినా వెళ్ళాను, అనన్యని చంకనేసుకుని.

ఆవిడ పిండి డీప్ ఫ్రీజర్లోంచి తీశారు. గోధుమ పిండే, మైదా లాంటిది. అందులో ఐసు నీళ్ళు, ఒక గుడ్డు సొన. పొడుగాటి పుల్లలు రెండు పెట్టి అటొకటి ఇటొకటి నాలుగు తిప్పులు తిప్పి ఆపేశారు. నేను తొంగి చూశాను. ఎక్కడి పిండి అక్కడే ఉంది, అన్నీ ఉండలు.

పెద్దావిడ, కళ్ళు సరిగ్గా ఆనలేదేమో అనుకున్నాను. మాట్లాడకుండా చెయ్యి పెట్టి, ఉండలన్నీ నలిపి, మా అమ్మ నేర్పినట్టు గిన్నె చుట్టూ వేగంగా గిరగిరా కొట్టి, పట్టులా జారేలా చేసి ఇచ్చాను. ఇంకాస్త సాయం చేద్దామని పక్కనున్న బేకింగ్ సోడా చిటికెడు వేశాను కూడా.

ఆవిడ గిన్నెలోకి చూశారు. నన్ను చూశారు. మళ్ళీ గిన్నెలోకి చూశారు.

"నువ్వు దాన్ని చంపేశావు" అన్నారు.

"ఉండలున్నాయండీ..."

"ఉండలు ఉండాలి! చల్లగా ఉండాలి! కలపకూడదు, కొట్టకూడదు, జాలిపడకూడదు! ఎంత వదిలేస్తే అంత కరకరలాడుతుంది."

ఆ పిండి పారబోసి మళ్ళీ మొదలుపెట్టారు. నన్ను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడమన్నారు. అనన్య కూడా నా పక్కనే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. చల్లటి పిండి కాగిన నూనెలో పడగానే సగం దాకా మునిగి, బుస్సుమని పువ్వులా విచ్చుకుని పైకి తేలింది. నిజం చెప్పాలంటే, చూడ్డానికి చాలా బాగుంది. కానీ బజ్జీకి అది పనికిరాదని మనసులోనే అనుకున్నాను. శనగపిండి వేరు. మన పిండికి చెయ్యి తగలాలి.

"టెంపురా అంటే జపాన్ మాటలో బజ్జీ అనా?" అని అడిగాను.

"మా నాన్న చెప్పేవాడు, అసలు అది జపాన్ మాట కాదని. పోర్చుగీసు ఓడలవాళ్ళ దగ్గర్నుంచి వచ్చిందట. ఇప్పుడు చూడు, ఈ ఊళ్ళో ప్రతి రెస్టారెంటు మెనూ మీదా ఉంటుంది. పొలంలో మా అమ్మకి రొయ్యలెక్కడివి? బీట్‌రూట్ ఆకులు వేయించేది. దాన్నీ టెంపురా అనే పిలిచేది."

ఆ సాయంత్రం ఫోనులో మా ఆయనకి చెబితే, "మనకి మిరపకాయ తెచ్చిందీ పోర్చుగీసు వాళ్ళే కదే. అయితే మీ ఇద్దరూ ఒక ఓడ చుట్టాలన్నమాట" అన్నారు. అనన్యకి ఈ గొడవంతా అక్కర్లేదు. దానికి నూనెలో వేగినదంతా టెంపురానే. మిరపకాయ బజ్జీ హాట్ టెంపురా, గారె హోల్ టెంపురా.

పొగ భయం మాత్రం నాకు పోలేదు. అలారం మళ్ళీ మోగితే ఆరు అంతస్తుల వాళ్ళు నన్ను తిడతారన్న మాట చెవిలో ఉండిపోయింది. మీనాక్షక్క ఇండక్షన్ స్టవ్ ఇచ్చి, "బాల్కనీల పెట్టుకో, మనోళ్ళందరు గట్లనే చేస్తరు" అంది. మా బాల్కనీలో ప్లగ్గు ఉంది. అప్పట్నుంచి మంగళవారం బజ్జీలు బాల్కనీలోనే. పిల్ల లోపల, నూనె బయట, మధ్యలో గాజు తలుపు. పిల్లకి నూనె దూరంగా ఉంటుందని అదీ ఒక ధైర్యం. మంచు పడ్డాక కూడా మానలేదు. మా ఆయన పాత జాకెట్టు వేసుకుని, మేజోళ్ళ మీద చెప్పులేసుకుని, మైనస్ పదిహేనులో బజ్జీలు వేసేదాన్ని. ఎదురు బిల్డింగు వాళ్ళు ఏమనుకునేవాళ్ళో.

డిసెంబరు రెండో మంగళవారం మైనస్ ఇరవై రెండు. మూడున్నరకి బయటికి వెళ్ళాను. ఫోను లోపల చార్జింగులో ఉంది. మొదటి వాయి తీసి రెండో వాయి వేస్తుంటే వెనకాల టిక్ మని చప్పుడైంది.

తిరిగి చూస్తే అనన్య గాజుకి ముక్కు ఆనించి నవ్వుతోంది. చెయ్యి తలుపు పిడి మీద ఉంది. కిందికి నొక్కేసింది. నొక్కితే లాక్.

"అమ్మలూ, పైకి లేపు. పైకి! అప్! అప్!"

అది తన రెండు చేతులూ పైకెత్తి గంతులేసింది. దానికి పిడి నొక్కడం వచ్చింది గానీ లేపడం రాలేదు. రెండుసార్లు వేలాడి చూసింది, విసుగొచ్చి మానేసింది.

నేను చెబుతున్నానే, ఏడాదిగా అనుకుంటున్న భయం అదే. పడిపోలేదు, కళ్ళు తిరగలేదు, నిటారుగా నిలబడే ఉన్నాను. కానీ తలుపుకి తాళం, లోపల పిల్ల ఒక్కతే, ఎవరికీ తెలియదు. మా ఆయన కాల్గరీ దారిలో ఉన్నారు, మళ్ళీ ఫోను చేసేది ఏడింటికి. గాజు పగలగొడదామంటే పిల్ల గాజుకి ఆనుకునే ఉంది. కిందికి వంగి "హెల్ప్! హెల్ప్!" అని అరిచాను. చలికాలం, ఒక్క కిటికీ తెరిచి లేదు. కింద పార్కింగులో ఒకాయన కారు అద్దం మీద మంచు గీకుతున్నాడు. జల్లిగరిటె పైకెత్తి ఊపాను. ఆయన తలెత్తి చూసి, సంతోషంగా చెయ్యి ఊపి, కారెక్కి వెళ్ళిపోయాడు.

ఇంక నాకు తోచింది ఒక్కటే. పిల్ల గాజు దగ్గర్నుంచి కదలకూడదు. వంటింట్లోకి వెళ్ళకూడదు, బాత్రూంలోకి వెళ్ళకూడదు. నా కళ్ళ ముందే ఉండాలి. గాజుకి మొహం ఆనించి కోతిలా చేశాను, ఏనుగులా చేశాను. బజ్జీకి కళ్ళూ మూతీ ఉన్నట్టు పట్టుకుని నడిపించాను. దూడలా అరిచాను. అది పడీపడీ నవ్వుతోంది. నేను ఏడుస్తూ నవ్విస్తున్నాను, కళ్ళనీళ్ళు బుగ్గల మీదే బిగుసుకుంటున్నాయి. చేతులు కొయ్యబారితే నూనె పైన ఆవిరికి పెట్టుకునేదాన్ని. స్టవ్ ఆపితే ఆ వేడి కూడా పోతుంది. ఆపకపోతే నూనె మాడి అంటుకుంటుందని ఇంకో భయం. అందుకే మిగిలిన పిండి కాస్త కాస్తగా వేస్తూనే ఉన్నాను. పిండి గిన్నెలో అంచుల దగ్గర మంచు పలుకులు తేలుతున్నాయి.

ఒకసారి అనన్య ఉన్నట్టుండి తల తిప్పి, లేచి పరిగెత్తి, మూల తిరిగి కనపడకుండా పోయింది.

ఆ రెండు నిమిషాలూ నేను చెప్పలేను. గాజుని రెండు అరచేతులతో బాదాను. మళ్ళీ వచ్చింది. "మామ్మా!" అంటోంది వీధి తలుపు వైపు చెయ్యి చూపిస్తూ. ఒకాబే గారిని అది అలాగే పిలుస్తుంది. మళ్ళీ పరిగెత్తింది. మళ్ళీ వచ్చింది. పావుగంట అలా అటూ ఇటూ తిరిగింది, తపాలా మోసినట్టు.

తర్వాత వీధి తలుపు తెరుచుకుంది. ముందు, దూరం వెళ్ళేటప్పుడు ఆవిడ పట్టుకుని నడిచే స్టాండు, దాని వెనక ఒకాబే గారు, ఆవిడ వెనక తాళాల గుత్తితో బిల్డింగు కేర్‌టేకరు. ఆవిడ సూటిగా బాల్కనీ దగ్గరికి వచ్చి, పిడి లేపి, తలుపు తోశారు.

"నాలుగు దాటి అరగంటైంది" అన్నారు. "లక్ష్మి ఎక్కడ?"

పళ్ళెం మీదున్నది మా అమ్మ పేరని చెప్పినప్పట్నుంచీ ఆవిడ పళ్ళేన్ని లక్ష్మి అనే పిలుస్తారు. నేను ఏడుపూ నవ్వూ కలిపి ఏదో చప్పుడు చేసి, పిల్లని పట్టుకుని కింద కూలబడ్డాను. కేర్‌టేకరు నా చేతిలోంచి జల్లిగరిటె లాక్కుని, స్టవ్ ఆపి, బాల్కనీలో వంట చేయకూడదని రూలుందని చెప్పి, ఒక బజ్జీ తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

ఆవిడ నా కాళ్ళు తువ్వాల్లో చుట్టి, టీ పెట్టి ఇచ్చాక జరిగింది చెప్పారు. నాలుగింటికి పళ్ళెం రాలేదు. పది నిమిషాలు చూసి తలుపు తట్టారు. లోపల్నుంచి అనన్య "మమ్మీ అవుట్‌సైడ్" అందట. ఆవిడ కేర్‌టేకరుని తీసుకొస్తే అతను, పిల్లని వదిలేసి తల్లి ఎక్కడికో వెళ్ళిపోయిందని పోలీసులకి ఫోన్ చేయబోయాడట.

"నేను ఆపాను" అన్నారు ఒకాబే గారు. "ఈ అమ్మాయి చెత్త పడేయడానికి వెళ్ళినా పిల్లని చంకలో వేసుకుని వెళ్తుంది. అవుట్‌సైడ్ అంటే ఒకటే చోటు. ముందు తాళం తియ్యమన్నాను."

అని, చల్లారిన బజ్జీ ఒకటి తీసుకుని కొరికారు. కరకరమని ఇల్లంతా వినపడింది. ఆవిడ నములుతూ ఆగిపోయారు.

"ఇదే, ఇన్నాళ్ళలో, ఇదే బాగుంది. ఏం చేశావ్?"

"ఏం చేయలేదండీ. పిండిలో ఐసు పడింది."

"చల్లటి పిండి!" బల్ల మీద కొట్టారు. "చెబితే విన్నావా? బాల్కనీలో తాళం వేస్తే గానీ నేర్చుకోలేదు!"

అప్పుడు నేను ఏడాదిగా కట్టుకున్న ఆ ఇంగ్లీషు వాక్యం బయటికి వచ్చేసింది. నాకేదన్నా అయితే ఎవరికీ తెలియదని భయమండీ అని. తప్పో ఒప్పో, ముక్కలు ముక్కలుగా. ఆవిడ నవ్వలేదు.

"నీకో నిజం చెప్పనా? నీ బజ్జీలు నాకు పడవు. గుండెల్లో మంట. ఒకటి తిని మిగతావి ఇతనికి ఇచ్చేస్తా" అని కేర్‌టేకరుని చూపించారు. అతను సిగ్గుపడుతూ ఇంకోటి తీసుకున్నాడు.

"అయ్యో! మరి వద్దని చెప్పొచ్చు కదండీ?"

"మూడేళ్ళ కిందట వంటింట్లో పడ్డాను. ఒక పగలూ ఒక రాత్రీ లేవలేకపోయా. సింకులో కుళాయి వదిలేసి ఉంది కాబట్టి, కింద వాళ్ళ పైకప్పు కారి, వాళ్ళు పోట్లాటకి వస్తే దొరికాను. అప్పట్నుంచి, వారానికి రెండుసార్లు ఎవరైనా నన్ను చూస్తే బాగుణ్ణనుకునేదాన్ని. ఎవర్నని అడుగుతాం? అడగడానికి మొహం చెల్లదు. నువ్వు పళ్ళెం ఇచ్చావు. ఖాళీగా తిరిగివ్వకపోతే నువ్వు మళ్ళీ వస్తావని మా అమ్మని చూసి నాకు తెలుసు. లేకపోతే ఎనభై ఒక్కేళ్ళకి వారం వారం నూనె ముందు నిలబడే ఓపిక నాకెక్కడిదనుకున్నావ్?"

అప్పుడు నేనూ, నాకు రొయ్యలు పడవని చెప్పేశాను. ఆవిడ స్కూలు బస్సు గొంతుతో నవ్వారు. ఆ మరుసటి శుక్రవారం నుంచి రొయ్యలు మానేసి పుట్టగొడుగులు పెట్టారు. నేను మిరపకాయ మానేసి పొట్లకాయ పెట్టాను.

మా ఆయన శనివారం వస్తూనే బాల్కనీ పిడి విప్పి మార్చారు. ఆ తర్వాత అరగంట అనన్యని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తారీఖు పెట్టుకున్నావా అని ఇంకెప్పుడూ అనలేదు. ఆ వారమే లోకల్ ట్రిప్పుల ఉద్యోగాలకి అప్లై చేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఇక్కడికి రెండు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న రిచ్‌మండ్ హిల్‌లో వచ్చింది. పొద్దున వెళ్తే సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చేస్తారు. ఈ నెలాఖరుకి వెళ్ళిపోతున్నాం. నా భయం తీరింది. ఆవిడది తీరలేదు.

ఆవిడేమో "వెళ్ళు, వెళ్ళు, నాకూ గుండెల్లో మంట తగ్గుతుంది" అంటున్నారు. మొన్న శుక్రవారం మాత్రం చిలగడదుంపలు రెండు పళ్ళేలకి సరిపోయేన్ని వేయించారు. నా బదులు 407కి వెళ్తావా అని మీనాక్షక్కని అడిగాను. "నాకు మంగళారం, శుక్కురారం రెండు దినాలు రాత్రి తొమ్మిదింటి దాక డ్యూటీనే, ఎట్ల జెయ్యాలె? ఆదివారమైతే నేను పోతనే" అంది. ఆదివారం ఒకటి కుదిరింది. మిగతా ఆరు రోజులున్నాయి.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. విన్నిపెగ్‌లో ఉన్నవాళ్ళు, మా బిల్డింగు దగ్గర్లో ఉన్నవాళ్ళు, నాకు ఒక్క మెసేజ్ పెట్టండి, అడ్రసు పంపిస్తాను. మంగళవారం నాలుగింటికి 407 తలుపు తట్టండి. ఏదో ఒకటి తీసుకెళ్ళండి, రెండు అరటిపళ్ళయినా చాలు. కారం వద్దు. ఆవిడ చెవి మిషను తీసి పక్కన పెట్టేస్తారు, అందుకని గట్టిగా తట్టాలి. మీ గిన్నె కోసం శుక్రవారం నాలుగింటికి మళ్ళీ వెళ్ళండి, ఖాళీగా ఇవ్వరు. నాలుగుంపావుకి కూడా తలుపు తీయకపోతే ఎదురు చూడకండి, వెంటనే కేర్‌టేకరుని పిలవండి. ఆయన నంబరు కూడా నేనే ఇస్తాను. మాటలు రావేమోనని మీరు ఆగిపోకండి, నాకూ రాలేదు. లోపలికి పిలిస్తే ఒక్క నిమిషం కూర్చోండి. ఆవిడ ఎలా ఉన్నారో, నిలబడగలుగుతున్నారో లేదో, వంటింట్లో నేల తడిగా ఉందేమో చూసి, నాకు చెప్పండి.